నాయన చుట్టిన రాగి తీగ

మా నాయన 2024 ఆగస్టు 22న పోయాడు. ఎనభై ఎనిమిదేళ్లు. సైదాబాద్‌లో మా ఇంటి వెనక గదిలో, బీరువా పక్కన, పాత దుప్పటిలో చుట్టిన ఆయన రైఫిల్ మిగిలింది. అది నా పేరు మీదికి రావడానికి పది నెలలు పట్టింది. పెద్దవాళ్లు వదిలి వెళ్లిన తుపాకీ ఇంట్లో ఉన్నవాళ్లకు, అందులోనూ ఆ పెద్దవాళ్లు దాన్ని తమ చేతులతోనే బాగుచేసుకుంటూ వాడి ఉంటే, ఇది పనికొస్తుందని తారీఖులతో సహా రాస్తున్నాను.

ముందు ఆ తుపాకీ ఎలా ఉండేదో చెప్పాలి. .315 బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు), బి.ఎస్.ఎ. తయారీ. బి.ఎస్.ఎ. అంటే మనకు సైకిలే గుర్తొస్తుంది కానీ, ఆ కంపెనీ 1861లో బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసేవాళ్లు కొందరు కలిసి పెట్టుకున్నది. సైకిళ్లు తర్వాత వచ్చాయి. మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ వాళ్ల గుర్తు. మా రైఫిల్ మీద ఆ బొమ్మ సగం అరిగిపోయి ఇంకా కనిపిస్తుంది. నాయన 1961లో అచ్చంపేట దగ్గరి మా ఊళ్లో ఒక పెద్ద రైతు దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అప్పటికే అది పాతది.

తూటాను గొట్టంలోకి తోసి బిగించే బోల్టు వెనక, చెయ్యి పట్టుకునే సన్నటి చోట, కర్ర పొడుగునా పగిలింది. 1982లో పల్లి చేను కాపలాకు మంచె ఎక్కుతుంటే నాయన కాలు జారి, తుపాకీ కింద బండ మీద పడింది. భుజానికి ఆనించే వెనక కర్ర, అంటే తుపాకీ మడమ, దాదాపు ఊడి వచ్చింది. బాగుచేయించాలంటే హైదరాబాద్ పోవాలి, ఆ ఏడు చేతిలో డబ్బుల్లేవు. అదే వారం లో-వోల్టేజికి మా బావి మోటారు కాలిపోయింది. ఆ మోటారు వైండింగులోంచి తీసిన రాగి తీగతో నాయన ఆ పగులును కట్టాడు. పగులులోకి కరిగించిన లక్క పోసి, రెండు ముక్కలు బిగించి, తీగ చుట్టాడు. తీగ వదులు కాకుండా ఇంకో కొస పట్టుకుని వెనక్కి లాగుతూ కూర్చున్నది నేను. ఏడేళ్లు నాకు. అరచేతిలో తీగ కోసుకుపోయి గీత పడింది. 'గట్టిగ పట్టు బిడ్డా, ఇడ్సకు' అని నాయన అన్నమాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మిగతావి కూడా ఇలాంటివే. మడమ చివర ఉండాల్సిన ఇనుప బిళ్ళ పోతే, లారీ టైరు రబ్బరు కోసి మేకులు కొట్టాడు. నిజానికి ఆ ఇనుము కంటే రబ్బరే భుజానికి మెత్తగా ఉండేదట. ముందు గురి చూసే మొన విరిగితే, తామరపువ్వు ఉన్న పసుపుపచ్చ ఇరవై పైసల బిళ్ళను ఆకురాయితో అరగదీసి అతికించాడు. మసక వెలుతురులో ఇత్తడి రంగు బాగా కనబడేదని అమ్మతో చెప్పేవాడట. ముందు కర్ర మీద పచ్చితోలు పట్టీ ఉంది. తడిగా ఉన్నప్పుడు చుట్టి ఎండనిస్తే బిగుసుకుని రాయిలా అవుతుంది. అమెరికాలో అక్కడి ఆదివాసులు కూడా విరిగిన తుపాకీ కర్రలను సరిగ్గా ఇలాగే పచ్చితోలుతో కట్టుకునేవాళ్లని తర్వాత చదివాను. నల్లమల అంచున ఉన్న మా నాయనకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. చేతిలో ఉన్న వస్తువు, ముంచుకొచ్చిన అవసరం రెండు చోట్లా ఒక్కటే.

మేం 1994లో హైదరాబాద్ వచ్చేశాం. లైసెన్సు కూడా ఇక్కడికి మారింది. అడవి జంతువులను వేటాడటం 1972 చట్టంతోనే కట్టుబాట్లలోకి వచ్చింది, 1983లో మా పక్క అడవి ప్రాజెక్ట్ టైగర్ కిందికి పోయింది. నాకు బుద్ధి తెలిశాక నాయన ఆ తుపాకీతో జంతువును కొట్టడం నేను చూడలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్‌లో అప్పగించడం, అయ్యాక తెచ్చుకోవడం, ఇదే దాని ప్రయాణం. చివరిసారి 2024 పార్లమెంటు ఎన్నికలకు అప్పగించాం. జూన్‌లో తిరిగి ఇస్తామంటే, నేను తెస్తానన్నా వినకుండా తానే ఆటోలో వచ్చి సంతకం పెట్టి, దుప్పటిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. రెండున్నర నెలల తర్వాత ఆయనే లేడు.

పదకొండో రోజు సెప్టెంబరు 1. ఆ రోజు వాన గుర్తుందిగా, రాష్ట్రమంతా మునిగింది. వచ్చిన నలుగురు బంధువులూ ఆ తడిలోనే కూర్చుని, 'తుపాకీ ఏం చేస్తారు?' అని అడిగారు. అమ్మ అయితే 'గా తుపాకి జోలికి పోకు బిడ్డా, పోలీసోళ్లకు ఇచ్చెయ్' అంది. మా తమ్ముడు కరీంనగర్‌లో ఉంటాడు, వాడికి దాని మీద ఆశ లేదు. నాకు మాత్రం ఆ తీగ ఇచ్చేయబుద్ధి కాలేదు.

మొదటి పొరపాటు అక్కడే జరగబోయింది. లైసెన్సు 2025 డిసెంబరు దాకా ఉంది కదా, అప్పటిదాకా ఇంట్లో ఉండొచ్చు అనుకున్నాను. కాదు. లైసెన్సు మనిషిది. ఆ మనిషి పోగానే ఇంట్లో ఆ తుపాకీ పెట్టుకునే హక్కు మిగతావాళ్లకు ఉండదు. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలోనో అప్పగించాలి. ఆయుధ చట్టం 21వ సెక్షన్ ఇదే చెబుతుంది. సెప్టెంబరు 4న స్టేషన్‌కు పోతే, వినాయక చవితి మూడు రోజుల్లో ఉంది, అందరూ బందోబస్తు పనిలో ఉన్నారు. మరణం సంగతి రాసి ఇచ్చిన కాగితం మీద ముద్ర వేసి, దుకాణంలో డిపాజిట్ చేసుకోమన్నారు. 6వ తారీఖు ఆబిడ్స్ వైపు ఉన్న ఒక పాత దుకాణంలో అప్పగించాను. నెలకు 300 రూపాయలు. రసీదు భద్రంగా పెట్టుకోండి, తర్వాత ప్రతి చోటా అదే అడిగారు.

తుపాకీతో పాటు తూటాలు కూడా అప్పగించాలి. లైసెన్సు పుస్తకం ప్రకారం తొమ్మిది మిగలాలి. హార్లిక్స్ సీసాలో ఎనిమిదే ఉన్నాయి. ఆ సాయంత్రం నాకు వచ్చిన టెన్షన్ చెప్పలేను. బియ్యం డబ్బాలు, పాత ట్రంకులు, పరుపుల కింద, అన్నీ వెతికాం. రాత్రి పదకొండుకు నాయన పాత ఉన్నికోటు లోపలి జేబులో దొరికింది. అమ్మ ఆ కోటును వాసన చూస్తూ అలాగే కూర్చుంది. తొమ్మిదో తూటా దొరికినందుకు ఊపిరి పీల్చుకోవాలో, ఆమె పక్కన కూర్చుని ఏడవాలో తెలియలేదు. 1979లో కొన్న తూటాలవి, ఇప్పుడు వాడటానికి లేదని దుకాణంలో లెక్క రాసి పక్కన పెట్టారు.

నాకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఇంత పాతది, తీగలతో తోళ్లతో కట్టినది, దీనికి లైసెన్సు ఎందుకు? గోడకు తగిలించుకునే వస్తువే కదా? దుకాణం యజమాని చట్టం పుస్తకం తీసి 45వ సెక్షన్ చూపించారు. పాతకాలం ఆయుధమో, పాడైపోయిన ఆయుధమో అయితే మినహాయింపు ఉంది. కానీ అది మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనిచేయలేని స్థితిలో ఉండాలి. మా నాయన చేసిన పనుల వల్లే అది పనిచేస్తోంది. ఆ తీగ, ఆ తోలు లేకపోతే అది ఇనుప ముక్క. అవి ఉన్నాయి కాబట్టి లైసెన్సు తప్పదు. ఆ మాట విన్నప్పుడు లోపల ఎక్కడో గర్వంగా అనిపించింది. ఇంకో పేజీలో 5వ సెక్షన్ కూడా చూపించారు. తుపాకీ మరమ్మతు చేయాలంటే దానికి వేరే లైసెన్సు కావాలి. అంటే నేను ఇంట్లో కూర్చుని ఒక్క మర తిప్పడానికి కూడా లేదు. నాయన కాలంలో ఊళ్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఇప్పుడు తెలిసి చేయకండి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. మరణ ధ్రువపత్రం సెప్టెంబరు 18కి వచ్చింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు 20న మీసేవలో పెడితే అక్టోబరు 26న చేతికొచ్చింది. అమ్మ, తమ్ముడు తమకు అభ్యంతరం లేదని స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించారు, నవంబరు 14. తమ్ముడు ఆ ఒక్క సంతకానికి కరీంనగర్ నుంచి సెలవు పెట్టి వచ్చాడు. ఇక్కడ ఒక విషయం తెలిసి చాలా బాధపడ్డాను. 2016 ఆయుధ నియమాల ప్రకారం, లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, బతికి ఉండగానే వారసుల పేరు మీదికి మార్చడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నాయన సంతకం ఉంటే ఈ కాగితాల్లో సగం అక్కర్లేదు. ఇంట్లో డెబ్బై దాటిన లైసెన్సుదారు ఉంటే ఈ వారంలోనే మాట్లాడండి.

నవంబరు 23న అసలు పరీక్ష జరిగింది. దుకాణంలో మరమ్మతు పనిచేసే ఉస్తాద్‌కు డెబ్బై పైనే ఉంటాయి. ఆయన తండ్రి కూడా అదే పని చేశారట. దుకాణానికి కాస్త దూరంలోనే గన్‌ఫౌండ్రీ. ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోయించిన చోటు. 'ఈ గల్లీల్లో తోపులు పోసిండ్రు అమ్మా, మేం మాత్రం మరలు తిప్పుతున్నం' అన్నారు. రైఫిల్‌ను గుడ్డ మీద పడుకోబెట్టి, తొందర లేకుండా, వైద్యుడు రోగిని చూసినట్టు చూశారు.

గొట్టం కింద చిన్న కిరీటం, దాని కింద రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపించారు. పొగ రాని తుపాకీ మందుకు తట్టుకుంటుందని బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో పరీక్షించి వేసిన గుర్తు. అది లేకుండా పాతకాలపు నల్ల తుపాకీ మందుకు మాత్రమే పరీక్షించిన గొట్టాలైతే ఇప్పటి తూటాలు పెట్టకూడదు. .315 బోరు ఎందుకు వచ్చిందో కూడా చెప్పారు. సైన్యం వాడే .303 తూటా జనం తుపాకుల్లో పట్టకూడదని బ్రిటిష్‌వాళ్లు కట్టుదిట్టం చేస్తే, వేటగాళ్ల కోసం ఈ బోరులో చేసి ఇండియాకు పంపారట. .303 ఇప్పటికీ నిషిద్ధ బోరే. ఇషాపూర్‌లోని ప్రభుత్వ రైఫిల్ ఫ్యాక్టరీ .315నే చేస్తూ వచ్చింది.

తర్వాత తీగ దగ్గరికి వచ్చారు. వేలితో ఒక్కో చుట్టూ తడిమి, 'ఎవరు కట్టిండ్రు?' అని అడిగారు. నాయన అన్నాను. 'మంచిగ కట్టిండు. చుట్టు మీద చుట్టు ఎక్కలే.' ఆ మాటకు నా కళ్లు నిండాయి. పచ్చితోలును గోటితో కొట్టి చూసి తల ఊపారు. టైరు రబ్బరు చూసి, ఇది నేను కూడా వేసేవాణ్ని అన్నారు. ఇరవై పైసల మొనను వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశారు.

బోల్టు విప్పాక ఆయన ముఖం మారింది. తూటాను బయటికి లాగే కొక్కెం కింద స్ప్రింగు అలారం గడియారంలోది. అది పర్వాలేదు, బలహీనంగా ఉంది, మార్చాలి అన్నారు. కానీ బోల్టు తల విప్పితే, దానికీ బోల్టుకూ మధ్య రేకు డబ్బా కత్తిరించి గుండ్రంగా చేసిన పల్చటి వాషరు ఉంది. దాన్ని పట్టకారుతో తీసి నా అరచేతిలో పెట్టారు.

అది ఎందుకు పెట్టి ఉంటారో ఆయన నెమ్మదిగా వివరించారు. వాడగా వాడగా బోల్టు తలకూ తూటా అడుగుకూ మధ్య సందు పెరుగుతుంది. సందు ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి తొడుగు చిట్లి, మంట, గ్యాసు వెనక్కి, కొట్టేవాడి ముఖం మీదికి వస్తాయి. ఈ రకం రైఫిళ్లలో దానికి సరైన పద్ధతి వేరే పొడవు ఉన్న బోల్టు తల అమర్చి కొలవడం. రేకు ముక్క ఆ ఒత్తిడికి నలిగిపోతుంది, ఎప్పుడు నలుగుతుందో తెలియదు. 'కర్రకు చేసింది దవా అమ్మా. ఇది మాత్రం దగా' అన్నారు. బయటికి కనిపించే మరమ్మతులన్నీ మోటుగా ఉన్నా క్షేమమైనవి. లోపల కనిపించకుండా ఉన్న ఈ ఒక్కటే ప్రాణం తీసేది. నేను ఈ రాతలో ఒక్క సంగతి చెప్పాలంటే ఇదే చెబుతాను. పాత తుపాకీలో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తీగను చూసి భయపడి, లోపలంతా బాగుందనుకోకండి. లైసెన్సు ఉన్న పనివాడు బోల్టు విప్పి చూసేదాకా దాన్ని పేల్చాలన్న ఆలోచనే పెట్టుకోవద్దు.

ఆ రాత్రి వాషరును అగ్గిపెట్టెలో పెట్టి అమ్మకు చూపించాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకోలేదు. చాలాసేపటికి చెప్పింది. మేం చిన్నగా ఉన్నప్పుడు ఒక రాత్రి చేను నుంచి నాయన కుడి కనుబొమ్మ కాలి, చెంప కమిలి వచ్చాడట. పందులను బెదరగొట్టడానికి గాల్లోకి కాల్చాడు. లాంతరు అంటుకుంది అని చెప్పాడట. అమ్మ వెన్న రాసింది. ఆ తర్వాతే ఎప్పుడో ఈ రేకు పెట్టి ఉంటాడు. 'నాకు తెలుసు లాంతరు గాదని. అడిగితె బాధపడ్తడని అడగలే' అంది. నలభై ఏళ్లకు పైగా ఆ మాట ఆమె లోపలే ఉంది. తుపాకీ వద్దని ఆమె ఎందుకు అన్నదో నాకు ఆ రాత్రే అర్థమైంది. నేను ఆపేస్తానని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, ఆ రేకు తీసేసి మంచిది పెడితే తెచ్చుకో, కాల్చనని మాట ఇయ్యి అంది. ఇచ్చాను.

ఉస్తాద్ మొత్తం కొత్త వాల్‌నట్ కర్ర వేయాలంటే పదమూడు వేలవుతుందన్నారు. దుకాణం యజమాని కూడా అదే మంచిదన్నారు, అమ్మాలనుకుంటే ధర కూడా వస్తుందట. నేను ఒప్పుకోలేదు. సరైన బోల్టు తల, కొత్త స్ప్రింగు మాత్రం వేయమన్నాను, 4,500 అయ్యింది. కొలిచే గేజి పెట్టి చూసి, లెక్క సరిపోయిందని రాసిచ్చారు.

డిసెంబరులో ఆయుధం జాగ్రత్తగా వాడే శిక్షణ సర్టిఫికెట్ తీసుకున్నాను. రెండు రోజులు, 5,000 రూపాయలు. యాభైకి దగ్గరపడ్డ టీచరమ్మను నేనొక్కదాన్నే, మిగతా అందరూ మగవాళ్లు. శిక్షణ ఇచ్చినాయన నన్ను ఏ తేడా లేకుండా చూశారు, అందుకు కృతజ్ఞతలు. తుపాకీ ఖాళీ అని ఎవరు చెప్పినా నమ్మకుండా మనమే తెరిచి చూసుకోవాలన్నది అక్కడ చేతికి అలవాటైంది. డాక్టరు సర్టిఫికెట్‌లో ఒంటి ఆరోగ్యంతో పాటు మానసిక ఆరోగ్యం కూడా రాయాలి. డాక్టరు 'నిద్ర పడుతోందా?' అని అడిగితే, నాయన పోయినప్పటి నుంచి సరిగ్గా పట్టడం లేదని నిజమే చెప్పాను. దానికే రాయరేమో అని భయపడ్డాను. ఆయన ఇంకో పది నిమిషాలు మాట్లాడి రాసిచ్చారు. డిసెంబరు 19న ఫారం ఎ-1 ఆన్‌లైన్‌లో పెట్టాను. ఫొటోల సైజు కుదరక మూడుసార్లు వెనక్కి వచ్చింది.

2025 జనవరి 21న ఇంటికి విచారణకు వచ్చారు. ఇరుగుపొరుగును అడిగారు. పక్కింటావిడ 'ఆడపిల్లకు తుపాకెందుకు' అని వాళ్ల ముందే అంది. నేను జవాబు చెప్పలేదు, అమ్మ చెప్పింది: 'ఆళ్ల నాయనది. కొడుకైతె అడుగుదురా?' ఎక్కడ దాస్తారో చూపించమన్నారు. గోడలోకి బిగించిన ఇనుప లాకరు చూపించాను. దానికి ముందే 7,200 ఖర్చు పెట్టి ఉంచాను, అది చూసి తృప్తిపడ్డారు.

అంతా అయిపోయిందనుకున్న వారానికి పిడుగు పడింది. జనవరి 28న ఫోన్ చేసి, తుపాకీ నంబరు లైసెన్సు పుస్తకంతో సరిపోవడం లేదన్నారు. ఇలాంటి రైఫిళ్లలో నంబరు మడమ కర్ర దూర్చే ఇనుప సాకెట్టు కుడివైపున ఉంటుంది. నాయన పట్టు కోసం తీగను కర్ర మీద నుంచి ఆ ఇనుము మీదికి కూడా నాలుగు చుట్లు తెచ్చాడు. నంబరులో చివరి అంకె తీగ కింద పడిపోయింది. 1994లో లైసెన్సు ఇక్కడికి మారినప్పుడు పైకి కనిపించిన అంకెలే రాసి ఉంటారు. ముప్పై ఏళ్ల రెన్యూవల్సు ఆ పుస్తకం చూసే జరిగాయి. పాత తాలూకా కాగితంలో మాత్రం అంకెలన్నీ ఉన్నాయి, ఒకటి ఎక్కువ. అంకె తక్కువైన తుపాకీ, అంకె ఎక్కువైన తుపాకీ రెండూ ఒకటేనని ఇప్పుడు నిరూపించాలి.

తీగ విప్పాలన్నారు.

ఆ రాత్రి నేను పడ్డ బాధను ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఇన్ని నెలలు తిరిగింది ఆ తీగ కోసమే. మా ఆయన 'నాలుగు చుట్లే కదా' అన్నాడు. నాలుగు చుట్లు విప్పితే మిగతాది నిలుస్తుందా, లక్క ఊడి పగులు తెరుచుకుంటుందా, ఎవరికి తెలుసు?

ఫిబ్రవరి 11న దుకాణంలో, విచారణకు వచ్చిన ఉద్యోగి ఎదుట, ఉస్తాద్ విప్పారు. ముందు చిన్న దీపంతో లక్కను కొద్దిగా వెచ్చబరిచి తీగ కొస పైకి లేపారు. ఒక్కో చుట్టు విప్పుతూ, తీగ తెగకుండా, పెన్సిలు చుట్టూ దాన్ని చుట్టుకుంటూ వచ్చారు. నాలుగో చుట్టు లేవగానే కింద ఇనుము కొత్తదానిలా మెరిసింది. మిగతా తుపాకీ అంతా నల్లబడి గుంటలు పడితే, అక్కడ మాత్రం నలభై మూడేళ్లు గాలి తగల్లేదు. చివరి అంకె నిన్న కొట్టినట్టుంది. ఏడు. ఫొటోలు తీసుకున్నారు, దుకాణం లెటర్‌హెడ్ మీద రాయించుకున్నారు. మిగతా చుట్లు కదల్లేదు. పాత జిల్లా రికార్డుతో సరిచూసి నంబరు సవరించడానికి ఏప్రిల్ 22 దాకా పట్టింది. అచ్చంపేట వైపు రెండుసార్లు వెళ్లి వచ్చాను, ఒకసారి ఊరికే తిరిగొచ్చాను.

మే నెలలో ఏమీ కదల్లేదు. నగరంలో మిస్ వరల్డ్ పోటీలు, బందోబస్తు, ఎవరిని అడిగినా జూన్ అన్నారు. ఎదురుచూడటం కంటే, అడగడానికి పోతే వాళ్ల పనికి అడ్డమొస్తున్నానేమో అన్న బిడియమే నన్ను ఎక్కువ పీడించింది. జూన్ 5న పెద్ద అధికారి ఎదుట హాజరయ్యాను. ఫైలులో తీగ ఫొటో ఉంది. 'ఇది ఎందుకు మీకు?' అని అడిగారు. ఆత్మరక్షణ అని చెప్పమని చాలామంది నేర్పారు. నేను మా నాయన బాగుచేసిన వస్తువు, ఆ తీగ ఒక కొస నేను పట్టుకున్నాను, కాల్చడానికి కాదు అని చెప్పాను. ఆయన ఫొటో వైపు ఇంకోసారి చూసి, తూటాలు కొనే ఉద్దేశం ఉందా అని అడిగారు. లేదన్నాను. అంతే, ఐదు నిమిషాలు పట్టలేదు.

జూన్ 24న లైసెన్సు చేతికొచ్చింది. డిపాజిట్ అద్దె, కాగితాలు, చలానా, లాకరు, మరమ్మతు, శిక్షణ, తిరుగుళ్లు అన్నీ కలిపి దాదాపు 27 వేలయ్యాయి. స్కూల్లో పదకొండు సెలవులు పోయాయి.

26న రైఫిల్ తెచ్చుకోవడానికి అమ్మను కూడా తీసుకెళ్లాను. దుకాణం మెట్లు ఎక్కలేదు, ఆటోలోనే కూర్చుంది. ఉస్తాద్ నాలుగు చుట్ల తీగను ఇంకా పెన్సిలుకే ఉంచారు. ఇనుము మీదికి పోకుండా, నంబరు బయటికి కనిపించేలా, కర్ర మీదే వెనక్కి మళ్లించి చుడతానన్నారు. లక్క కరిగించి, రైఫిల్‌ను చెక్క పట్టులో బిగించి, తీగ కొస లాగిపట్టడానికి కుర్రాణ్ని పిలవబోయారు.

'నేను పట్టుకుంటాను' అన్నాను.

ఉస్తాద్ నా వైపు చూసి కొస నా చేతికిచ్చారు. తీగ చిన్నప్పటి కంటే సన్నగా అనిపించింది. అరచేతిలో అదే చోట గుచ్చుకుంది. ఆయన ఒక్కో చుట్టు పక్కపక్కన పేరుస్తూ, నా వైపు చూడకుండానే, 'జోర్‌గ లాగు అమ్మా, వదలకు' అన్నారు.